తవుడు గాడు రాత్రుళ్ళు ఎందుకు ఏడుస్తున్నాడు: మా ఇంటి ప్రాజెక్టు డైరీ

జనవరి 19

ఈ పుస్తకం ఎందుకు మొదలెట్టానో ముందు రాసుకోవాలి, లేకపోతే నెల పోయాక నాకే గుర్తుండదు. సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు రాత్రి తవుడు గాడు దొడ్లో కూర్చుని మూతి పైకెత్తి ఊఊఊ అని అర నిమిషం పాటు ఏడ్చాడు, తెల్లారేసరికి వెనక వీధిలో తాతగారు పోయారని కబురొచ్చింది. ఆయనకి తొంభై దగ్గర పడ్డాయి, ఆరు నెలల్నుంచి మంచంలోనే ఉన్నారు, అయినా మా మామ్మకి అవేమీ పట్టలేదు. "కుక్క ఏడిస్తే అరిష్టంరా అబ్బాయ్, అది చెప్పింది, మనమే వినిపించుకోలేదు" అంది. పొద్దున్న కాఫీ దగ్గర ఎత్తుకున్న మాట మధ్యాహ్నం భోజనాల దాకా వదల్లేదు. దానికి తోడు శవాన్ని తీసుకెళ్ళేటప్పుడు శంఖం ఊదారు, అది వినగానే వీడు మళ్ళీ మూతెత్తాడు. ఇంకేముంది, సాయంత్రానికి తీర్పు వచ్చేసింది, వాణ్ణి లంకలో చిన్నాన్న వాళ్ళ పాక దగ్గర వదిలేసి రావాలట.

తవుడు మా వీధిలోనే పుట్టిన నాటు కుక్క, రెండేళ్ళు దాటాయి, అచ్చం రైసుమిల్లు తవుడు రంగు. యాంటీ రేబిస్ సూది, మిగతా టీకాలు అన్నీ టైముకి వేయించా. మా పాపకి వాడు లేకపోతే అన్నం దిగదు. అందుకని మామ్మని రెండు నెలలు గడువడిగా. ఎందుకు ఏడుస్తున్నాడో కనిపెట్టి చూపిస్తా, చూపించలేకపోతే అప్పుడు నీ ఇష్టం అన్నా. ఒప్పుకుంది. నేను మొబైల్ రిపేరు షాపు వాణ్ణి, కారణం దొరక్కుండా ఫోన్ బోర్డు పక్కన పెట్టడం నాకు చేత కాదు, ఇదీ అంతే.

సామాను: ఒక నోటు పుస్తకం, డిస్‌ప్లే పగిలి షాపులో పడున్న పాత ఫోన్ రాత్రంతా రికార్డు చెయ్యడానికి, నా ఫోన్, కొలిచే టేపు, ఇంకా పాప. పాపకి తొమ్మిదేళ్ళు, లెక్కలు బాగా రాస్తుంది.

జనవరి 21

ముందు వాడికి ఒంట్లో ఏదైనా ఉందేమో తేల్చుకోవాలని పశువుల డాక్టరు గారి దగ్గరకి తీసుకెళ్ళా. చెవులు చూసారు, పళ్ళు చూసారు, పొట్ట నొక్కి చూసారు, టెంపరేచర్ పెట్టారు. బానే ఉన్నాడన్నారు. ఆయన చెప్పిన ఒక మాట పుస్తకం మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో రాసుకున్నా, అలవాటు వింతగా ఉండటం రోగం కాదు, నువ్వు పిలిస్తే ఆపుతున్నాడా, ఆపాక మామూలుగా తిని తిరుగుతున్నాడా అన్నది చూడు అన్నారు. ఆగకుండా ఒకే వైపు గుండ్రంగా తిరగడం, గోడకి తల ఆనించి నొక్కుకుంటూ నిలబడిపోవడం, మెలకువగా ఉన్నప్పుడే కాలో దవడో ఎగరెయ్యడం, ఉన్నట్టుండి మనుషుల్ని పట్టించుకోకపోవడం, వీటిల్లో ఏది కనిపించినా డైరీ రాస్తూ కూర్చోకుండా వెంటనే తీసుకురమ్మన్నారు.

ఇంటికొచ్చాక పాప నేను కూర్చుని వీడి వింతలన్నీ ఒక వరసలో రాసాం. రాత్రి ఏడుపు. పడుకునే ముందు తిరగడం. గరిక తినడం. కొబ్బరి డొక్కలు పాతిపెట్టడం. చచ్చిన చేప మీద దొర్లడం. ఎక్కడైనా వాసన నాకి పళ్ళు టకటకలాడించడం. స్నానం చేయించగానే పిచ్చెత్తినట్టు దొడ్డంతా పరిగెత్తడం. అసలు పని ఏడుపు, మిగతావి దారిలో కనిపించినప్పుడు చూసుకుందాం అనుకున్నాం.

జనవరి 27

పాత ఫోన్ హాల్లో కిటికీ పక్కన పెట్టి రాత్రి పది నుంచి పొద్దున్న ఐదు దాకా రికార్డు చేస్తున్నా. పొద్దున్నే మొత్తం వినక్కర్లేదు, గ్రాఫ్ చూస్తే చాలు, చప్పుడైన చోట గుట్టలా లేస్తుంది, అక్కడికి వెళ్ళి వింటే సరిపోతుంది. ఆరు రాత్రుల్లో మూడు సార్లు ఏడ్చాడు. ఒకసారి పన్నెండున్నరకి, ఒకసారి రెండుంపావుకి, ఒకసారి మూడున్నరకి, అంటే టైముకి సంబంధం లేదు. గుడి మైకు కాదు, అది నాలుగున్నరకి గానీ మొదలవదు.

పక్కన ఇంకో పని కూడా అయ్యింది. పడుకునే ముందు ఎన్ని చుట్లు తిరుగుతున్నాడో పాప లెక్క పెట్టింది. గచ్చు మీద ఒకటి రెండు, గోనెసంచి మీద మూడు, గడ్డిమేటు పక్కన రాలిన ఎండుగడ్డిలో అయితే ఐదూ ఆరూ, ఒకరోజు ఏడు. కుక్కల పూర్వీకులు గడ్డిలో పడుకునేటప్పుడు గడ్డి అణగదొక్కుకుని పురుగూ పుట్రా ఉంటే లేచిపోయేలా చేసుకునేవని, ఆ అలవాటే మిగిలిందని చాలామంది చెప్తారు. పాప లెక్క దానికి సరిపోతోంది, అణగదొక్కడానికి ఏమీ లేని చోట తక్కువ, ఉన్న చోట ఎక్కువ. మామ్మ కూడా చూసింది గానీ ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 3

ఇవాళ దొరికింది మాత్రం గట్టి ఆధారం. ఏడుపు వచ్చిన చోట ఒక నిమిషం వెనక్కి జరిపి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంటే, ఏడుపుకి కొంచెం ముందు "టక్" అని చిన్న చప్పుడు ఉంది. మళ్ళీ ఇంకో రాత్రిది తీసి విన్నా, అందులోనూ "టక్". ఇంకోటి, అక్కడా ఉంది. అదేంటో పట్టుకోడానికి అరగంట పట్టింది, హాల్లో ఇన్వర్టర్ అది, కరెంటు పోగానే బ్యాటరీ మీదకి మారేటప్పుడు లోపల రిలే అనే స్విచ్ కొట్టే చప్పుడు. ఇన్వర్టర్ ఉంది కాబట్టి ఫ్యాన్ ఆగదు, కరెంటు పోయిన సంగతి నిద్రలో మాకు తెలీదు. అంటే వీడు ఏడ్చేది కరెంటు పోయినప్పుడు.

మామ్మకి చెప్తే, "కరెంటు పోతే కుక్కకేంట్రా, దానికి చీకట్లో కళ్ళు కనపడవా" అంది. న్యాయమైన ప్రశ్న.

ఫిబ్రవరి 6

ముందు ఇన్వర్టర్ మీదే అనుమానం పడ్డా. మనకి 20 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం వినపడదు, కుక్కలు ఇంచుమించు 45 దాకా వింటాయి, ఇన్వర్టర్ లోపల్నుంచి మన చెవికి అందని కూత ఏదైనా వస్తే వాడొక్కడికే వినపడుతుంది. నా ఫోన్ రికార్డింగ్ దాన్ని పట్టుకోలేదు, సెకనుకి 44,100 శాంపిళ్ళు తీసే రికార్డింగులో 22 కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. కాబట్టి విని తేల్చేది కాదు, చేసి తేల్చాలి. మధ్యాహ్నం తవుడు గాడు గుమ్మంలో పడుకుని ఉండగా మెయిన్ ఆఫ్ చేసా. టక్ మంది. చెవి ఒకటి కదిపాడు, అంతే. పది నిమిషాలాగి మళ్ళీ చేసా, ఈసారి చెవి కూడా కదపలేదు. రాత్రి పదకొండింటికి కూడా చేసా, మా ఆవిడ లేచి తిట్టింది గానీ వాడు లేవలేదు.

ఇది చెయ్యడం వల్ల ఇంకో అనుమానం కూడా తీరింది. గంట కొట్టి అన్నం పెడితే కొన్నాళ్ళకి గంటకే కుక్కకి లాలాజలం ఊరుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, పావ్‌లోవ్ గారిది, ఆయనకి 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. అలా వీడు ఆ టక్ కీ ఇంకేదానికో ముడిపెట్టుకున్నాడేమో అనుకున్నా. అదైతే మధ్యాహ్నం టక్ మన్నప్పుడు కూడా ఏడవాలి. ఏడవలేదు. కాబట్టి మా ఇంట్లో కరెంటు పోతే కాదు, ఊరంతా కరెంటు పోయినప్పుడు జరిగేది ఏదో ఉంది.

ఫిబ్రవరి 13

ఇప్పటిదాకా లెక్క. 24 రాత్రులు, 11 ఏడుపులు. అందులో 9 టక్ తర్వాతవి. మిగతా రెండూ టక్ లేకుండా వచ్చాయి, ఆ రెండిటిలోనూ రోడ్డు మీద 108 వెళ్తున్న సైరన్ రికార్డింగులో సన్నగా వినపడుతోంది. ఇంకోటి, ఈ 24 రాత్రుల్లో కరెంటు పోయింది 13 సార్లు, అంటే నాలుగు సార్లు పోయినా వీడు ఏడవలేదు. ఆ నాలుగూ తీసి చూస్తే టక్ కీ టక్ కీ మధ్య ఐదారు సెకన్లే ఉంది, పోయి వెంటనే వచ్చేసింది. ఏడ్చిన తొమ్మిదిట్లో ఒక్కటి కూడా పావు నిమిషం లోపు రాలేదు, టక్ అయ్యాక పదిహేను నుంచి ఇరవై సెకన్లకి మొదలెడుతున్నాడు.

శంఖం, 108 సైరన్, కరెంటు పోయాక పదిహేను సెకన్లు. రెండు రోజుల్నుంచి ఈ మూడూ బుర్రలో తిరుగుతున్నాయి. లాగి లాగి ఒకే శ్రుతిలో సాగే శబ్దానికి కుక్క బదులు పలుకుతుంది, అది తోడేళ్ళ నుంచి వచ్చిన వారసత్వం, దూరంగా ఉన్న వాళ్ళకి నేనిక్కడున్నానని చెప్పడం. అది ఏడుపు కానే కాదు. మన భాషలో దాన్ని ఏడుపు అంటాం కాబట్టి మనకి అలా వినపడుతుంది. ఆ ముక్కే మామ్మకి చెప్పా, "శంఖం ఊదింది శవం దగ్గర, వీడు పలికింది శంఖానికి, శవానికి కాదు మామ్మా" అని. కాసేపు ఆలోచించి, "మరి ముందు రోజు రాత్రి శంఖం ఎవరూదారు" అంది. సమాధానం లేదు నా దగ్గర.

ఫిబ్రవరి 20

ఏడు రోజులుగా ఒక్కసారి కూడా ఏడవలేదు. కరెంటు మూడుసార్లు పోయింది, ఒకసారైతే గంటంబావు రాలేదు. నేను కట్టుకున్న లెక్కంతా కూలిపోయింది.

మధ్యలో ఒకరోజు భయపెట్టాడు. దొడ్లో కొబ్బరికాయలు వలుపు జరుగుతోంది, గునపం దగ్గర డొక్కల గుట్ట పడింది, పీచు దుమ్ము లేస్తోంది, వీడు అందులో మూతి పెట్టి తవ్వుతూ తవ్వుతూ ఉన్నట్టుండి కాళ్ళు బిగించి మెడ చాపి గుర్రు గుర్రుమని లోపలికి ఊపిరి లాక్కోవడం మొదలెట్టాడు, గొంతులో పీచు అడ్డం పడిందనుకుని నోరు తెరిచి చూసా, ఏమీ లేదు, ఇరవై సెకన్లకి దానంతట అదే ఆగిపోయింది, తోక ఊపుకుంటూ మళ్ళీ డొక్కల మీదకే పోయాడు. ఈలోపు మా ఆవిడ వీడియో తీసింది, అది చాలా మంచి పని చేసింది. డాక్టరు గారికి పంపిస్తే, దాన్ని ఎదురు తుమ్ము అనుకో, మామూలు తుమ్ములో గాలి బయటికొస్తుంది, ఇందులో లోపలికి పోతుంది, అంగిలి వెనకాల దుమ్ము గుచ్చుకుంటే వస్తుంది, కంగారు పడకుండా గొంతు మీద మెల్లగా నిమురు, నిమిషం లోపు తగ్గుతుంది అన్నారు. రోజూ వస్తున్నా, నిమిషాలు నిమిషాలు సాగుతున్నా, ముక్కు వెంట రక్తం గానీ చీమిడి గానీ కారుతున్నా, చిగుళ్ళు నీలంగా తిరిగినా అది వేరే సంగతి, అప్పుడు తీసుకురావాలి. కుక్క ఏదైనా వింతగా చేస్తే ముందు ఫోన్ తీసి వీడియో తియ్యండి, హాస్పిటల్ కి వెళ్ళాక అది మళ్ళీ చెయ్యదు, మనం నోటితో చెప్పేది సరిపోదు.

ఫిబ్రవరి 23

దొరికింది. రొయ్యల కూర తింటుండగా దొరికింది.

మా ఆవిడ మాటల్లో అంది, "ఆ రోజు చెరువోళ్ళు పంపిన రొయ్యలు ఇంతకన్నా పెద్దవండి, మళ్ళీ పంట ఎప్పుడో" అని. ఏ రోజు అన్నా. పదమూడో తారీకు పట్టుబడి చేసారుగా, సాయంత్రం క్యారేజీలో పంపారు కదా అంది. చెయ్యి కడుక్కోకుండానే లేచి పుస్తకం తీసా. ఆఖరి ఏడుపు పన్నెండో తారీకు రాత్రి.

మా వీధి చివర పంటకాలువ దాటితే వనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. రొయ్యల చెరువులో రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతుంది, పగలు ఎండకి నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు కూడా వాడుకుంటుంది, అందుకే నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే కొన్ని గంటల్లో చెరువులో రొయ్యలన్నీ చచ్చిపోతాయి, లక్షలు పోతాయి. కాబట్టి కరెంటు పోగానే కాపలా మనిషిని లేపడానికి బ్యాటరీ మీద నడిచే సైరన్ పెట్టుకుంటారు. అతను లేచి జనరేటర్ వేస్తాడు, సైరన్ ఆపుతాడు. రొయ్యలు పట్టేసాక చెరువు ఖాళీ, ఏరియేటర్లు లేవు, సైరన్ తో పని లేదు. అందుకే కరెంటు పోయినా మా వాడు మౌనంగా ఉన్నాడు. నా లెక్క కూలిపోలేదు, దాని తాళంచెవి చెరువు దగ్గర ఉంది.

ఫిబ్రవరి 24

పొద్దున్నే చెరువు గట్టు మీదకి వెళ్ళా. కాపలా బాబాయ్ షెడ్డు ముందు పళ్ళు తోముకుంటున్నాడు. సంగతి చెప్తే మొదట అర్థం కాలేదు, తర్వాత చాలా సేపు తవుడు గాడి గురించే అడిగాడు. సైరన్ చూపించాడు, కర్రకి కట్టిన చిన్న హారన్, సరిగ్గా మా వీధి వైపుకే తిరిగి ఉంది. "కరెంటు ఊరికే మినుకు మినుకు మంటే మోగకుండా పది సెకన్లు ఆగి మోగేలా పెట్టారు బాబూ, లేకపోతే నాకు నిద్రుండదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఏడవని ఆ నాలుగు రాత్రులూ, ఏడ్చిన రాత్రుల్లో ఆ పదిహేను సెకన్లూ రెండూ తేలిపోయాయి. చెరువు దగ్గర్నుంచి మా దొడ్డికి అర కిలోమీటరు లోపే, శబ్దం ఒకటిన్నర సెకన్లో వచ్చేస్తుంది, మిగతా నాలుగైదు సెకన్లు వాడు లేచి కూర్చుని మూతెత్తడానికి.

సాయంత్రం నాలుగింటికి మోగించమని అడిగా. మామ్మని అరుగు మీద కూర్చోబెట్టా, తవుడు గాడు ఆవిడ కాళ్ళ దగ్గరే బొండాం చిప్ప కొరుకుతున్నాడు, పాప చేతిలో వాచీ. నాలుగూ ఒకటికి నా చెవికి ఏమీ వినపడలేదు, రోడ్డు మీద ఆటో పోతోంది, కానీ వీడు చిప్ప వదిలేసాడు, చెవులు రెండూ కాలువ వైపు తిరిగాయి, లేచి కూర్చున్నాడు, మూతి పైకెళ్ళింది. ఆటో దాటాక అప్పుడు వినపడింది నాకు, చాలా సన్నగా, ఊఊఊ అని. వీడి ఊఊఊ దానికన్నా కొంచెం కింది శ్రుతిలో. తోడేళ్ళు గుంపుగా కూసేటప్పుడు కూడా ఒకదానితో ఒకటి ఒకే శ్రుతి కలపవంటారు, ఒక్కోటి ఒక్కో శ్రుతిలో ఉంటుంది. సైరన్ ఆగిన మూడు సెకన్లకి వీడూ ఆపేసి మళ్ళీ చిప్ప పట్టుకున్నాడు.

మామ్మ ఇంకోసారి మోగించమంది. ఫోన్ చేసా, మోగించాడు, మళ్ళీ అంతే. అప్పుడంది, "అయితే ఆ రోజు రాత్రి కూడా కరెంటు పోయిందా?" ఆ రోజుకి నా దగ్గర రికార్డింగ్ లేదు. ఆ మాటే చెప్పా, అబద్ధం చెప్పి గెలవాలనిపించలేదు. మా ఆవిడ లోపల్నుంచి, "పోయిందండీ, మర్నాడు పొద్దున్న ఫ్రిజ్‌లో పాలు విరిగాయి, నేను మిమ్మల్ని అడిగాను కూడా" అంది. మా ఆవిడకి అబద్ధమాడాల్సిన అవసరం లేదని మామ్మకి తెలుసు. లంక మాట ఆ తర్వాత ఎత్తలేదు.

మార్చి 9

అసలు పని అయ్యింది గానీ పుస్తకం ఆపబుద్ధి కావట్లేదు, మిగతా వింతలు కూడా చూద్దామని.

గరిక. గట్టు మీద లేత గరిక చూస్తే మేకలా మేస్తాడు. కుక్క గడ్డి తింటే పొట్ట బాలేదని, కక్కుకోడానికే తింటుందని మా ఊళ్ళో అందరూ అంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు 1,571 మంది కుక్కల యజమానుల్ని అడిగి 2008లో ఒక పేపర్ వేసారు, రోజూనో వారానికోసారో మొక్కలు తినేవి 68 శాతం, తినే ముందు నలతగా కనిపించినవి 9 శాతం, తిన్నాక కక్కేవి 22 శాతం. అంటే చాలా కుక్కలు బాగున్నప్పుడే తింటున్నాయి. మా వాడు 19 సార్లు తిన్నాడు, రెండుసార్లు కక్కాడు, ముందు నలత ఒక్కసారీ లేదు. గరికతో భయం లేదు, మందుతో భయం. ఇప్పుడు దాళ్వా, అంటే రెండో పంట వరి చేలల్లో పురుగుమందులు కొడుతున్నారు, గట్టు మీద గరిక మీద కూడా పడుతుంది. మందు కొట్టిన చేల వైపు వారం పది రోజులు తీసుకెళ్ళకండి, దొడ్లో కుండీలో గరిక పెంచుకుంటే ఇంకా మంచిది, పాప రెండు కుండీలు పెట్టింది.

పళ్ళు టకటక. వేరే కుక్క మూత్రం పోసిన చోట నాకి, దవడ వణికించి, నోట్లో నురగ తెచ్చుకుంటాడు. మొదటిసారి చూసినవాళ్ళకి వణుకు పుడుతుంది, నురగ అనగానే రేబిస్ అనుకుంటారు. అది వాసన చదవడం. అంగిలి పై భాగంలో జాకబ్సన్ అవయవం అని ఉంటుంది, నాలిక మీద పడిన దాన్ని అటు నెట్టడానికి ఆ టకటక. రెండు మూడు సెకన్లలో అయిపోతుంది, పిలిస్తే వచ్చేస్తాడు. అనుమానం ఉంటే మాత్రం ప్రయోగాలొద్దు, టీకా లేని కుక్క కరిచినా గీరినా సబ్బుతో పావుగంట కడిగి ఆరోజే సూదికి వెళ్ళాలి.

చేప మీద దొర్లడం గురించి ఎక్కువ రాయలేను. చేపల లారీలోంచి కాలవగట్టు మీద పడి కుళ్ళిన బొచ్చె మీద వీపు పెట్టి నాలుగు కాళ్ళూ ఆకాశానికి ఎత్తి దొర్లాడు. తన వాసన దాచుకోడానికని కొందరు, ఏం దొరికిందో మిగతా వాళ్ళకి చెప్పుకోడానికని కొందరు అంటారు. వాడి ముఖంలో నాకు కనపడింది సంతోషం. మూడుసార్లు తోమాం.

ఏప్రిల్ 21

దిక్సూచి పని. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, తప్పు ఎక్కడ జరిగిందో కూడా రాస్తా, ఎవరైనా చేస్తే పనికొస్తుంది.

చెక్, జర్మన్ పరిశోధకులు రెండేళ్ళ పాటు 70 కుక్కల వెంట తిరిగి, అవి దొడ్డికి కూర్చున్నప్పుడు ఏ దిక్కుకి తిరిగి ఉన్నాయో 1,893 సార్లు రాసారు. భూమి అయస్కాంత క్షేత్రం నిలకడగా ఉన్న సమయాల్లో కుక్కలు ఉత్తర దక్షిణాలుగా నిలబడటానికి ఇష్టపడుతున్నాయని 2013 చివర్లో వేసారు, 2014లో దానికి ఇగ్ నోబెల్ కూడా వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి అది. ఇది చదివిన రోజునుంచి మా వాణ్ణి కొలవాలని కోరిక.

ఫిబ్రవరి, మార్చిలో పొద్దున్నే కొబ్బరితోటలో తిప్పేవాణ్ణి. ఫోన్ కవర్లో అయస్కాంతం బటన్ ఉంది, అది తీసేసి, ఫోన్ గాల్లో ఎనిమిది ఆకారంలో తిప్పి కంపాస్ సరిచేసుకుని, వాడి వెన్ను వరసకి పెట్టి డిగ్రీలు చదివేవాణ్ణి. ఎనిమిది దిక్కులుగా విడగొట్టి రాసా. 24 సార్లలో 17 సార్లు ఉత్తరం లేదా దక్షిణం. దేనికీ మొగ్గు లేకపోతే ఎనిమిదిట్లో రెండు దిక్కులు కాబట్టి ఆరే రావాలి. ఆనందంతో షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పా.

తర్వాత ఒకరోజు చెట్టెక్కి దింపు తీస్తున్న అతను పైనుంచి అన్నాడు, "మీ కుక్క మా చక్కగా బోదె వెంటే కూర్చుంటుందండి" అని. తిరిగి చూసా. మా తోటలో చెట్ల వరసలు, మధ్యలో నీళ్ళు పారే బోదెలు, నడిచే దారి, అన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికే ఉన్నాయి. వాడు కూర్చుంది దారి వెంట, అయస్కాంతం వెంట కాదు. ఆ 24 పేజీలకీ అడ్డంగా గీత కొట్టా. ఆ పరిశోధకులు కుక్కల్ని తాడు లేకుండా, గోడా రోడ్డూ దగ్గర్లో లేని ఖాళీ చోట వదిలి చూసారు, ఆ సంగతి నేను పట్టించుకోలేదు.

దాళ్వా కోతలయ్యాయి, కాలవలు కట్టేసారు, మిషన్ కోసిన చేలు ఎటు చూసినా ఖాళీ. పొద్దున్న ఐదున్నరకి చేల మధ్యలో వదులుతున్నా. ఈ రోజుకి 32 సార్లు, ఉత్తర దక్షిణాలు 9. మామూలుగానే 8 రావాలి, అంటే మొగ్గేమీ లేదు. కానీ దీన్ని పట్టుకుని వాళ్ళది తప్పనడం కుదరదు, క్షేత్రం అంత నిలకడగా ఉండేది పగటి వేళల్లో ఐదోవంతేనని వాళ్ళే చెప్పారు, 32లో ఐదోవంతు అంటే ఆరు, ఆరుతో ఏం తేలుతుంది. కనీసం రెండొందలు కావాలి. జూన్‌లో కాలవలు వదిలి నారుమళ్ళు పోసేదాకా టైముంది.

మే 6

తోక. 2007లో ఇటలీ వాళ్ళు 30 కుక్కల మీద చూసారు, యజమాని కనపడితే తోక కుక్కకి కుడివైపు ఎక్కువ ఊగుతుంది, తెలియని పెద్ద కుక్క కనపడితే ఎడమవైపు అని. స్లో మోషన్‌లో వెనకనుంచి తీయాలి, వెనక ఉంటే నన్ను చూసి వాడు తిరిగిపోతాడు. మా ఆవిడ ఎదురు రావడం, నేను డాబా మీదనుంచి తియ్యడం, ఇలా ఎనిమిది వీడియోలు కుదిరాయి. ఆరింట్లో కుడి. మామ్మ ఎదురొచ్చినప్పుడు తీసినవి రెండు, రెండూ కుడి. అవి మామ్మకి ఫోన్లో చూపించా, మళ్ళీ పెట్టు అని మూడుసార్లు చూసింది.

మే 29

చెరువులో మళ్ళీ పంట పెద్దదయ్యింది, ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతున్నాయి, ఎండలకి కరెంటు పోతోంది, ఏడుపు మళ్ళీ మొదలైంది. ఈసారి పక్కింటి వాళ్ళు అడిగారు మీ కుక్క ఎందుకలా ఏడుస్తోందని. నేను చెప్పేలోపే అరుగు మీదనుంచి మామ్మ చెప్పింది, సైరన్ సంగతి, పది సెకన్ల సంగతి, అన్నీ. కొంత తన సొంతం కూడా కలిపింది.

కాపలా బాబాయ్‌ని అడిగి హారన్ షెడ్డు వైపుకి తిప్పించా, అతనికి ఇంకా గట్టిగా వినపడుతుంది కాబట్టి వెంటనే ఒప్పుకున్నాడు. తిప్పక ముందు ఐదు రాత్రుల సగటు ఏడుపు 27 సెకన్లు. తిప్పాక నాలుగు రాత్రులు, సగటు 11. పూర్తిగా ఆపాలని నాకు లేదు, వాడికి వినపడితే వాడు పలుకుతాడు.

ఇంకా డొక్కలు మిగిలాయి. నిన్న వర్షం చినుకు పడ్డాక మామిడిచెట్టు కింద మూడు పాతాడు, గోడ పక్కన ఒకటి, పాప నాలుగు చోట్లా పుల్లలు గుచ్చి తారీకు రాసింది. వాటిల్లో ఎన్ని తవ్వుకుంటాడో, ఎన్నాళ్ళకో చూడాలి. నేనైతే పుల్ల వాసన వల్ల చోటు పట్టేస్తాడేమోనని అనుమానపడి, పుల్లలు తీయించి గోడ నుంచి టేపుతో కొలిచి పుస్తకంలో రాయించా.